అడ్డం తిరిగిన మరచెంబు

నేను ఒక మరచెంబును. ఇత్తడిదాన్ని. నీళ్ళ సీసాలు కొనుక్కుని, తాగి, కిటికీలోంచి పారేసే రోజులు రాకముందు రైలెక్కిన ప్రతివాడి చేతిలోనూ నాలాంటిది ఒకటి వేలాడేది. ఇప్పటి పిల్లలు నన్ను చూసి “ఇదేంటి, బాంబా?” అని అడుగుతున్నారు. అడగనివ్వండి. యుద్ధం చూసి వచ్చినదాన్ని, ఆ మాత్రం భయం ఉండడం మంచిదే.

నా పుట్టుకలోనే ఒక పొరపాటు ఉంది. శ్రీకాకుళం దేశంలోని ఒక కంచరి పల్లెలో నన్ను చేసిన ఆయన ఆ రోజు ఏ ఆలోచనలో ఉన్నాడో, మర తిరగేసి కోశాడు. లోకంలో ఉన్న మూతలన్నీ ఎడమకు తిప్పితే ఊడతాయి. నా మూత ఎడమకు తిప్పేకొద్దీ బిగుసుకుంటుంది, కుడికి తిప్పితేనే ఊడుతుంది. పని పూర్తయ్యాక చూసుకుని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “దీని దుంప తెగ, అడ్డం తిరిగిందిరా!” అని నన్ను తిట్టాడు. మనుషులతో నాకు మొదటి పరిచయం అదే. కోసింది తను, అడ్డం తిరిగింది నేనట.

పాలకొండ జాతరలో నన్ను అమ్మకానికి పెట్టారు. వచ్చినవాళ్ళందరూ ఎత్తి చూశారు, వేలితో కొట్టి మోత విన్నారు, మూత తిప్పారు, రాలేదు, పెట్టేసి వెళ్ళిపోయారు. ఎంత బలంగా తిప్పినా సరే, రెండో వైపు తిప్పి చూద్దామన్న బుద్ధి ఒక్కడికీ పుట్టలేదు. సాయంత్రానికి ఒక కుర్రవాడు వచ్చాడు. కొత్తగా సైన్యంలో చేరి, మొదటి సెలవుకు ఇంటికి వచ్చి, కొత్త పెళ్ళాన్ని జాతరకు తీసుకొచ్చినవాడు. ఎడమకు తిప్పాడు. రాలేదు. ఏమీ అనుకోకుండా కుడికి తిప్పాడు. వచ్చేసింది.

“దాలీ, ఇది అచ్చం నీ లాటిదేనే. అడ్డం తిరుగుతాది,” అన్నాడు పక్కనున్న పిల్లతో.

“అయితే కొనీ మావా. నీ కూడా ఒకలైనా అడ్డం తిరిగీవోలుండాల గదా,” అంది ఆ పిల్ల.

ఆయన కింతలి అప్పలసూరి. ఆ పిల్ల దాలమ్మ. వంకర వస్తువని బేరమాడి నన్ను చౌకగా కొన్నారు. అది కాస్త అవమానమే కానీ, ఆ తరువాత జరిగినవన్నీ తలచుకుంటే క్షమించేశాను.

పక్కనే పేర్లు కొట్టేవాడు గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ గిన్నెల మీద పేర్లు కొట్టడం అతని పని. మన ఇళ్ళలో గిన్నెకు పేరు లేకపోతే అది పెళ్ళివారింటికి వెళ్ళి మళ్ళీ ఇల్లు చేరదు కదా. “ముందర ఏటి ఎట్టమంటావు బాబూ?” అన్నాడు. “శ్రీ అనెట్టు. సిపాయిని గదా,” అన్నాడు అప్పలసూరి, మీసం లేని చోట మీసం దువ్వుకుంటూ. నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా పడింది: శ్రీ కింతలి అప్పలసూరి.

“నా పేరో?” అంది దాలమ్మ.

“నీ పేరెందుకే? నువ్వు ఇంటికాడే ఉంటావు. తప్పిపోయే సరుకుకే పేరెయ్యాల,” అని నవ్వాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. దాలమ్మకు పద్దెనిమిదో పంతొమ్మిదో. ఆ మాటను ఆవిడ మరిచిపోలేదు.

అప్పలసూరితో నేను చాలా దేశం తిరిగాను. రైళ్ళలో, లారీల్లో, గుడారాల్లో. ఆయన తోటి సిపాయిలకు నేనొక ఆటవస్తువును. దాహమేసినవాడు నన్ను అందుకోవడం, మూత ఎడమకు తిప్పడం, అది ఇంకా బిగుసుకోవడం, అందరూ నవ్వడం. తలుపంత భుజాలున్న ఒక సర్దార్జీ నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మొహం ఎర్రబడేదాకా తిప్పి, చివరికి నాకు నమస్కారం పెట్టాడు. అప్పలసూరి వచ్చి రెండు వేళ్ళతో కుడికి తిప్పి నీళ్ళు పోశాడు. రహస్యం మాత్రం చెప్పలేదు. “మా ఊరి చెంబు మా ఊరివాళ్ళ మాటే వింటుంది,” అని వచ్చీరాని హిందీలో గొప్పలు పోయాడు.

తరువాత యుద్ధం వచ్చింది. డెబ్భై ఒకటో సంవత్సరం, డిసెంబరు. మేము పంజాబు వైపు సరిహద్దులో ఉన్నాం. ఒక కాలువ గట్టు, దాని ఇవతల గోధుమ చేలు, చేలల్లో మేము. ఇత్తడి అయిన నేనే చలికి వణికానంటే, నాగావళి ఒడ్డున పుట్టిన మనిషి సంగతి ఆలోచించండి. అయినా ఆయన పొద్దున్నే చేతిపంపు దగ్గర నన్ను చింతపండు లేకపోతే మట్టితోనైనా తోమి, నీళ్ళు పట్టి పెట్టుకునేవాడు.

ఒక రోజు పొద్దువాలుతుండగా కాలువ దాటి వెళ్ళమని ఆర్డరు వచ్చింది. చప్పుడు చేసే వస్తువు ఏదీ తీసుకెళ్ళకూడదన్నారు. నేను మోగే రకాన్ని. అందుకని నడుముకు సైన్యం వాళ్ళిచ్చిన సీసా కట్టుకుని, నన్ను నిండుగా నింపి, మూత బిగించి, తన ట్రంకుపెట్టె మీద పెట్టాడు. చుట్టూ తెలుగు తెలిసినవాడు ఇంకొకడు లేడు. అందుకే కాబోలు నాతోనే అన్నాడు.

“ఒచ్చి తాగుతాను. ఉండు.”

ఉన్నాను. ఆ సాయంత్రం కాలువ అవతల నేల దద్దరిల్లింది. వెళ్ళినవాళ్ళలో కొందరు నడిచి వచ్చారు, కొందరిని మోసుకొచ్చారు. ఒకరిద్దరి శవాలు తెచ్చారు. అప్పలసూరి నడిచీ రాలేదు, ఆయనను మోసుకునీ రాలేదు. ఆయన పడిపోవడం చూశానని చెప్పినవాడు ఒక్కడు లేడు. పొగలో కొంత దూరం కనిపించాడన్నారు, తరువాత కనిపించలేదన్నారు. వస్తువుకు అన్నీ తెలుసనుకుంటారు గానీ నాకు తెలిసింది కూడా అంతే. ఎక్కువ తెలిసినట్టు కథ అల్లడానికి నేను మనిషిని కాను.

ఇంటికి ముందు తంతి చేరింది. నేను అప్పటికి ట్రంకుపెట్టెలో, ఏ గిడ్డంగిలోనో ఉన్నాను. కానీ ఆ సంగతి తరువాత ఎన్నిసార్లు విన్నానో, నేను అక్కడే ఉన్నట్టు చెప్పగలను. పోస్టుమాస్టరు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని, “మీ అబ్బాయి తప్పిపోయాడని రాశారు,” అన్నాడు. తల్లి వెర్రిగా చూసిందట.

“తప్పిపోడమేటి బాబూ? ఆడేటి పసిగుంటడా? దారడగడానికి నోరు నేదా ఆడికి?”

నవ్వకండి. ఆవిడకు తెలిసినంతలో మనిషి తప్పిపోవడమంటే జాతరలో తప్పిపోవడమే. జాతరలో బిడ్డ తప్పిపోతే ఏం చేస్తాం? కేకలు వేయిస్తాం. కాబట్టి అత్తాకోడళ్ళిద్దరూ కూడబలుక్కుని టముకు వేయించారు. టముకువాడు నాగావళి పొడుగునా ఊరూరా తిరిగి చాటాడు. “చామనచాయ మడిసి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, మిలట్రీ బట్టలు, కింతలోరి అప్పలసూరి తప్పిపోనాడహో! సూసినోలు సెప్పండహో!” పంజాబులో తప్పిపోయిన మనిషికి పాలకొండలో టముకు! చదువుకున్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం, సైన్యం వాళ్ళ వెతుకులాట కంటే ఈ వెతుకులాటే బాగా జరిగిందనిపిస్తుంది.

తరువాత ట్రంకుపెట్టె వచ్చింది. ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. అప్పలసూరి అన్న తవిటినాయుడు పెట్టె తెరిచి ఒక్కొక్కటే బయటికి తీశాడు. స్వెట్టరు, అద్దం, దువ్వెన, సబ్బుపెట్టె. ఒక్కో వస్తువుకూ ఒక్కో ఏడుపు లేచింది. చివరికి నన్ను తీశాడు. ఊపితే లోపల ఏదో కదిలింది. అంత దూరం వచ్చినా నా లోపలి నీళ్ళు అలాగే ఉన్నాయి మరి. పెట్టె సర్దిన గుమాస్తాలు నన్ను ఒంపేయాలని చూడకపోలేదు, ఎడమకే తిప్పారు. తవిటినాయుడూ ఎడమకే తిప్పాడు. ఊరి ప్రెసిడెంటు అందుకుని ఇంకా గట్టిగా ఎడమకు తిప్పాడు. లోపల బంగారం ఉందేమోనని ఒకరన్నారు. ఏడుపు కాస్త తగ్గింది.

దాలమ్మ లేచి వచ్చింది. అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని అందరూ చెవులు కొరుక్కుంటున్న దాలమ్మ. నన్ను ప్రెసిడెంటు చేతిలోంచి లాక్కుంది.

“అడ్డం తిప్పాల బావా దీన్ని,” అని కుడికి తిప్పింది.

మూత ఊడింది. పాత నీళ్ళు, ఇత్తడి చిలుము వాసన. “పారబొయ్యి దాలమ్మా, ఎప్పటి నీలో ఏటో!” అంది తోటికోడలు. దాలమ్మ నన్ను ఎత్తి పట్టుకుని గుక్కెడు తాగింది. మొహం వికారంగా పెట్టింది. ఆ నీళ్ళు బాగుండవని నాకూ తెలుసు.

“ఇవి సచ్చిపోనోడి నీలు కావు. మల్లీ వొచ్చి తాగుదామనీసి నింపుకున్న నీలు,” అంది. “మా మావ నింపీసి ఎల్లినాడు. వొచ్చీదాకా నాను నింపుతాను.”

నన్ను కడిగి, మంచినీళ్ళు పట్టి, అరుగు మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది. గట్టిగా, ఎవరి ఓదార్పూ అక్కర్లేదన్నట్టుగా ఏడ్చింది.

తెలుగులో ‘తప్పిపోయాడు’ అనే మాట చాలా ప్రమాదకరమైనది. ముందున్న ‘తప్పి’ తీసేస్తే మనిషే పోతాడు. ఊరివాళ్ళు మొదట్లో నిండుగా తప్పిపోయాడనే అన్నారు. రోజులు గడిచేకొద్దీ నోటికి బరువైందో, మనసుకు విసుగైందో, ‘తప్పి’ మింగేసి ‘పోయాడు’ మిగిల్చారు. “పాపం, మొగుడు పోనాడు గదా,” అని ఎవరైనా జాలిపడితే చాలు, దాలమ్మ చేస్తున్న పని ఆపేది.

“తప్పిపోనాడు. పోనేదు. ఆ ‘తప్పి’ ఎవులు మింగీసినారు?”

జాలిపడడానికి వచ్చినవాళ్ళు చీవాట్లు తిని వెళ్ళడంతో ఊళ్ళో జాలి బాగా తగ్గిపోయింది. అత్త మాత్రం కొడుకు దారి అడుగుతూనే ఉంటాడన్న నమ్మకంతో కన్ను మూసింది. పెద్దముత్తైదువలు నలుగురు కూడి బొట్టు తీయమని చెప్పడానికి వస్తే, దాలమ్మ వాళ్ళ ఎదురుగానే కుంకుమ భరిణె తెచ్చుకుని రోజూ పెట్టుకునే దానికంటే పెద్ద బొట్టు పెట్టుకుంది. పేరంటాలకు పిలవడం మానేశారు. పిలవకపోయినా వెళ్ళింది. గుమ్మంలో నిలబడి నుదురు ముందుకు పెట్టి, “ఎట్టండి,” అనేది. ఆ నుదుటికి బొట్టు పెట్టకుండా తప్పించుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఆవిడ చేలో గోగు కోసింది, నార తీసింది, తవిటినాయుడి కూతురు ఈశ్వరిని సగం తనే పెంచింది. పగలంతా ఎక్కడ తిరిగినా ప్రతి ఉదయం నన్ను చింతపండుతో తోమి, నీళ్ళు నింపి, అరుగు మీద పెట్టడం మానలేదు. దాలమ్మకు చదువు రాదు. కానీ నా పొట్ట మీది చుక్కల మీద వేలు పెట్టి తోమి తోమి, ఆ పేరు ఎలా ఉంటుందో ముగ్గులాగా గుర్తు పెట్టుకుంది. ముందు చుట్ట చుట్టుకుని ఉండే శ్రీ, తరువాత ఇంటిపేరు, తరువాత ఆయన. అంతే ఆవిడ చదువు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. పన్నెండేళ్ళు కబురు లేనివాణ్ణి చనిపోయినట్టే లెక్కగట్టి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసేయాలని పంతులుగారు చెప్పారు. అప్పుడే ఈశ్వరికి ఒక సంబంధం వచ్చింది. మగపెళ్ళివారు అన్నీ బాగున్నాయన్నారు గానీ, ఇంట్లో ఒక మనిషి సంగతి తేలకుండా శుభకార్యం ఎలాగని నసిగారు. తవిటినాయుడు చెడ్డవాడు కాదు. తమ్ముడి భాగం చేను కూడా తనే దున్ని, పంట దాలమ్మకు ఇచ్చినవాడు. కానీ కూతురి పెళ్ళి ముందు ఎంతటివాడికైనా బుద్ధి కొంచెం వంగుతుంది. మరదలికి చెప్పకుండానే ముహూర్తం పెట్టించాడు. కర్మనాడు పంచడానికి స్టీలు గ్లాసులు కొని, పేరు కొట్టించి, బుట్టలో పెట్టి మంచం కిందికి తోశాడు. చెబితే అడ్డం తిరుగుతుందని తెలుసు కదా.

ఆ ఇల్లు చిమ్మేది దాలమ్మే. మంచం కింద చీపురుకు బుట్ట తగిలింది. ఒక గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది, నా పక్కన కూర్చుంది. గ్లాసును చూసింది, నన్ను చూసింది. ఇంటిపేరు అదే. పేరు అదే. ముందు చుట్ట చుట్టుకున్న అక్షరం లేదు. దాని చోట ఇంకేవో రెండున్నాయి.

“ఒలే గుంటా, ఇటు రా. ఇదేటో సదువు.”

ఈశ్వరి చదివింది. “కింతలి అప్పలసూరి సిన్నమ్మా. అడుగున జ్ఞాపకార్థం అనుంది.”

“పేరు నాకు తెల్సు. ముందరున్న రెండచ్చరాలేటి?”

ఈశ్వరి జడ కొస నోట్లో పెట్టుకుంది. “కీ.శే.”

“కీసే అంటే?”

“కీర్తిశేషులు అనీసి.”

“అంటే?”

“సచ్చిపోనోల పేరు ముందర ఎడతారు సిన్నమ్మా.”

దాలమ్మ లేచింది. లోపలికి వెళ్ళి బుట్ట మొత్తం ఈడ్చుకొచ్చింది. ఒక పెద్ద మేకు, ఒక రాయి తెచ్చుకుంది. మొదటి గ్లాసు ఒడిలో పెట్టుకుని, మేకు ఆ రెండక్షరాల మీద ఆనించి, కొట్టింది. టంగుమంది. మళ్ళీ కొట్టింది. అక్షరాలు నలిగి, ఆ చోట సొట్ట పడింది. గ్లాసు పక్కన పెట్టి రెండోది అందుకుంది. ఆ మోతకు వీధి వీధంతా వచ్చి నిలబడింది. చేను దగ్గర్నించి తవిటినాయుడు పరుగెత్తుకొచ్చాడు.

“నీకేటి పిచ్చా దాలమ్మా! గుంట పెల్లి ఆగిపోద్ది!”

“ఆగనీ బావా. నీ తమ్ముడు రేపొచ్చీసినాడనుకో. దినం సేసీసిన ఇంట్లో ఏ మొకమెట్టుకుని అడుగెడతాడు? సొంత ఇంట్లో పరాయోడైపోడా?”

“పన్నెండేల్లయిందే!”

“అయితే? తప్పిపోనోడికి దారి దొరకడానికి ఇన్నేల్లే పడతాదనీసి ఎవులు సెప్పినారు?”

“మరి ఆడి గేపకం ఉండొద్దా? నలుగురికీ తెలియొద్దా?” తవిటినాయుడు బుట్ట పక్కనే చతికిలబడ్డాడు. ఆయనకూ తమ్ముడే కదా. ఆ బుట్ట వెనక ఒక్క పెళ్ళి సంబంధమే లేదని నాకు అప్పుడు అర్థమైంది.

దాలమ్మ మేకు కింద పెట్టింది. సొట్టపడిన గ్లాసు ఒకటి తీసి బావ చేతిలో పెట్టింది.

“ఉండాల. అందుకే గ్లాసులు పారెయ్యనేదు. గేపకం ఉంచుకో. సచ్చిపోనోలనే గేపకం ఉంచుకోవాలని ఏ సాస్త్రంలో ఉంది?”

తవిటినాయుడు ఆ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళాడు. కర్మ ఆగిపోయింది. దాలమ్మ మిగతా గ్లాసులన్నీ సొట్టలు కొట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ పంచింది. “మా మావ గ్లాసు. నీలు తాగినప్పుడల్లా తలుసుకోండి. ఏడవకండి,” అని చెప్పి మరీ ఇచ్చింది. ఆ తరువాత ఆ ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా సొట్ట గ్లాసులోనే మంచినీళ్ళిచ్చేవారు. కొత్త కోడళ్ళు సొట్ట ఎందుకని అడిగేవారు, అత్తలు చెప్పేవారు. ఆ విధంగా అప్పలసూరి ప్రతి ఇంట్లోనూ రోజూ తిరిగాడు.

ఆ సంబంధం పోయింది. ఆ మాట దాచను. ఈశ్వరి రెండు రోజులు ముభావంగా ఉంది, తవిటినాయుడు చాలాకాలం మరదలితో మాట్లాడలేదు. మళ్ళీ ఇంకో సంబంధం వస్తే దాలమ్మ ముందుగా ఒక సొట్ట గ్లాసు పంపింది, ఇందులో నీళ్ళు తాగేవాళ్ళయితేనే మాటలకు రండని. వాళ్ళు తాగారు. ఆ సంబంధమే కుదిరింది, పిల్ల సుఖంగా ఉంది.

ఆ తరువాత రోడ్డు కూడలిలో యువజన సంఘం వాళ్ళు వీరుల స్తూపం కడతామని వచ్చారు. మా ఊరినించి సైన్యానికి వెళ్ళినవాళ్ళు ఎక్కువే, రానివాళ్ళూ ఉన్నారు. అప్పలసూరి పేరు కూడా వేస్తామన్నారు. దాలమ్మ వద్దనలేదు. “ఎయ్యండి. గాని ఆ పక్క సచ్చిపోనోలు. ఈ పక్క రావలసినోలు,” అంది. వాళ్ళు నాయకుడిని అడిగారు, నాయకుడు తల గోక్కున్నాడు, చివరికి అలాగే కట్టారు. స్తూపానికి మూడు వైపులా పేర్లున్నాయి. నాలుగో వైపు ఒక్కటే పేరు, బస్సు దిగేవాళ్ళకు ఎదురుగా. తవిటినాయుడు ముసలివాడయ్యాక సాయంత్రాలు వెళ్ళి ఆ నాలుగో వైపు మెట్టు మీద కూర్చునేవాడు. “ఎదురు సూస్తన్నావా బావా?” అని దాలమ్మ అడిగితే, “నీడకి కూకున్నాను,” అనేవాడు. పొద్దువాలే వేళకు ఆ వైపు నీడ ఉండదు.

నన్ను అద్దాల బీరువాలో పెడతామని పట్నం నించి కూడా కొందరు వచ్చారు. సైనికుల వస్తువులన్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడుతున్నారట. నాకు కాస్త ఆశ పుట్టిన మాట నిజమే. ఎవరైనా రోజూ తుడుస్తారు కదా. నా కింద పెట్టబోయే అట్టముక్క కూడా చదివి వినిపించారు: అమరవీరుడు వాడిన మరచెంబు.

“వాడిన అంటే ఇంక వాడడనా?” అంది దాలమ్మ.

వచ్చినవాళ్ళు అట్టముక్క మళ్ళీ చదువుకున్నారు.

“వాడతన్న సెంబు అనీసి రాయండి, ఇస్తాను.”

రాయలేదు. నేను అరుగు మీదే ఉండిపోయాను.

దాలమ్మ పోయింది. పోయింది అనే అంటున్నాను, చూశారా, ‘తప్పి’ లేదు. ఒక ఉదయం నన్ను తోమి, నింపి, మూత బిగించి, పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. తల నెరిసింది, బొట్టు మాత్రం అంతే పెద్దగా ఉంది. ఈశ్వరి అత్తవారింటి నించి పరుగున వచ్చింది. స్నానం చేయించాక ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. పసుపు కుంకుమలతో పంపాలా, వద్దా? ముత్తైదువ అనుకోవాలా, కాదా? బతికున్నప్పుడు ఆవిడ ఎదుట ఎత్తలేని మాటలన్నీ ఆవిడ నోరు మూతపడగానే లేచాయి. ఈశ్వరి కుంకుమ భరిణె పట్టుకుని తండ్రి వైపు చూసింది. ఎనభై దాటిన తవిటినాయుడు కర్ర పట్టుకుని లేచాడు.

“పెద్ద బొట్టెట్టండి. పూలెట్టండి. రేపు నా తమ్ముడొచ్చీసి, నా పెల్లాన్ని బోడి నుదురుతో పంపీసినారేటని అడిగితే నానేటి సెప్పాల?”

పెద్ద బొట్టు పెట్టారు. తల నిండా పూలు పెట్టారు. పుణ్యస్త్రీగానే వెళ్ళింది దాలమ్మ. ఒకప్పుడు బొట్టు తీయించడానికి వచ్చినవాళ్ళ కోడళ్ళే ఆవిడ కుంకుమ తీసి తమ నుదుట పెట్టుకున్నారు.

కర్మకు గ్లాసులు కొట్టించడానికి తవిటినాయుడే వెళ్ళాడు. పేరులో తప్పు రాకూడదని నన్ను సంచిలో వేసుకుని తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఉలీ లేదు, సుత్తీ లేదు. దుకాణంలో ఒక యువకుడు కరెంటు పెన్ను పట్టుకుని జుర్రుమనిపిస్తూ పేర్లు రాస్తున్నాడు.

“ఎలా రాయమంటారు తాతగారూ?”

“కీసే కింతలి దాలమ్మ గేపకార్తం. కింద బర్త పేరెయ్యి. ఇదిగో, దీని మీదున్నట్టే ఎయ్యి.”

అతను నన్ను తిప్పి చూశాడు. “దీని మీద శ్రీ అని ఉందండి. ఆయన ఉన్నారా?”

“తప్పిపోనాడు.”

“అయ్యో. ఎప్పుడు పోయారండి?”

తవిటినాయుడు నన్ను బల్ల మీద ఠంగుమని పెట్టాడు. ఆ దుకాణంలో ఉన్న గిన్నెలన్నీ మోగాయి. ఎన్నో ఏళ్ళు ఎదురుగా నిలబడి తిట్టించుకున్న మాట, ఆయన నోట్లోంచి అచ్చం దాలమ్మ గొంతుతోనే వచ్చింది.

“పోనాడననేదు. తప్పిపోనాడన్నాను. ఆ ‘తప్పి’ మింగీకు. శ్రీ ఎట్టు!”

ఆ యువకుడు శ్రీ పెట్టాడు. ప్రతి గ్లాసు మీదా పెట్టాడు. కీ.శే. కింతలి దాలమ్మ జ్ఞాపకార్థం, భర్త శ్రీ కింతలి అప్పలసూరి. ఊళ్ళో ఇప్పుడు రెండు రకాల గ్లాసులున్నాయి, ఒకటి సొట్టది, ఒకటి నున్నటిది. రెండింటిలోనూ నీళ్ళు ఒకేలా ఉంటాయని విన్నాను.

నేను అరుగు మీదే ఉన్నాను. తవిటినాయుడికి చూపు సరిగా ఆనకపోయినా రోజూ తనే నన్ను నింపుతున్నాడు. ఆయన చెయ్యి వణికి సగం నీళ్ళు నా పొట్ట మీదే కారతాయి, ఆ పేరు తడుస్తుంది. ఈశ్వరి వచ్చినప్పుడు చింతపండుతో తోముతుంది. దారిన పోయేవాళ్ళు దాహమేసి నన్ను అందుకుంటారు, మూత ఎడమకు తిప్పుతారు, రాకపోతే విసుక్కుని పెట్టేసి పోతారు. ఆ అప్పలసూరికి ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయని, ఇంకేం వస్తాడని ఎవరో అరుగు మీద కూర్చుని నా ముందే అన్నారు. అననివ్వండి. వచ్చేవాడికి ఎటు తిప్పాలో తెలుసు. లోపల నీళ్ళున్నాయి, ఇవాళ పొద్దున్న పట్టినవి.

ఉండు అన్నాడు. ఉన్నాను.